గెలుపు నేరమైన వేళ: ఒక జపాన్ కారు పందెపు చరిత్ర

తిరునాళ్ళ సందర్భంగా ఒంగోలు, గుంటూరు ప్రాంతాలలో జరిగే బండలాగుడు పోటీలను చూసినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. ఎడ్లను పళ్ళను బట్టి విభాగాలు చేస్తారు. పాలపళ్ళ జతలు వేరు, రెండు పళ్ళవి వేరు, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి వేరు. ఒక్కొక్క విభాగానికి తగిన బరువు గల బండ ఒకటి ఉంటుంది. ఆ విభాగంలో నిలిచిన జతలన్నిటికీ బండ అదే, గడువు అదే. గడువులోగా ఎక్కువ దూరం లాగిన జతది గెలుపు. నిరుడు గెలిచిన జత కదా అని దాని బండ మీద మరొక రాయి ఎక్కించే ఆచారం లేదు. అటువంటి పని చేస్తే ఎడ్లను సొంత బిడ్డలవలె మేపిన రైతు ఒప్పుకోడు; చూడవచ్చిన జనమూ హర్షించరు.

మోటారు కార్ల పందేలలోనూ ఇటువంటి విభాగాలే ఉన్నాయి. అక్కడ పళ్ళకు బదులు ఇంజను పరిమాణాన్ని చూస్తారు. అయితే గెలిచినవాని బండ మీద అదనంగా రాయి పెట్టే పద్ధతి ఆ రంగంలో ప్రవేశించింది. ప్రవేశించి, నేడు పలు పోటీలలో శాసనమై కూర్చున్నది. ఈ పరిణామాన్ని ఆమూలాగ్రం తెలుసుకోవడానికి నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ అనే జపాన్ కారు చరిత్రను మించిన ఉదాహరణ లేదు. అది గెలిచిన పందేల పట్టిక కంటే, గెలిచినందుకు అది ఎదుర్కొన్న పరిస్థితులే ఆలోచింపదగినవి. పందెం యంత్రాన్ని పరీక్షించడానికా, ప్రేక్షకుని రంజింపజేయడానికా అన్న ప్రశ్న ఆ చరిత్రలో అడుగడుగునా ఎదురవుతుంది.

ముక్కు పొడిగించిన కారు

స్కైలైన్ మొదట నిస్సాన్ వారిది కాదు. ప్రిన్స్ మోటార్ కంపెనీ దానిని తయారు చేసేది. 1964 మే నెలలో సుజుకాలో జరిగిన రెండవ జపాన్ గ్రాండ్ ప్రీ కోసం ఆ సంస్థ ఇంజనీర్లు ఒక సాహసం చేశారు. నాలుగు సిలిండర్ల ఇంజను పట్టే చిన్న కుటుంబ కారులో తమ పెద్ద కారు గ్లోరియాకు వాడే ఆరు సిలిండర్ల ఇంజనును అమర్చదలచారు. చోటు చాలలేదు. అందుచేత కారు ముందుభాగాన్ని 20 సెంటీమీటర్లు పొడిగించారు. ఈ కార్లకు తరతరాలుగా సారథ్యం వహించిన షినిచిరో సకురాయి పేరు జపాన్ మోటారు లోకంలో నేటికీ గౌరవంతో వినబడుతుంది.

ఆ పందెంలో జర్మనీ నుండి వచ్చిన పోర్షె 904 ప్రత్యర్థి. అది పందెం కోసమే పుట్టిన యంత్రం. స్కైలైన్ సంసారపక్షపు కారు. అయినా తెత్సు ఇకుజావా నడిపిన స్కైలైన్ ఒక చుట్టు పాటు పోర్షెను వెనుక ఉంచి ముందు నడిచింది. చివరకు పోర్షెయే గెలిచింది. తరువాతి అయిదు స్థానాలూ స్కైలైన్లకే దక్కాయి. యుద్ధంలో సర్వం కోల్పోయి రెండు దశాబ్దాలు నిండని దేశంలో, తమ చేతి యంత్రం ఐరోపా యంత్రాన్ని ఒక్క చుట్టు దాటినా ఆ దృశ్యం ప్రజల మనస్సులలో ఎంతటి ముద్ర వేసిందో ఊహించవచ్చు.

1966లో ప్రిన్స్ సంస్థ నిస్సాన్‌లో విలీనమైంది. 1969లో తొలి స్కైలైన్ జీటీ-ఆర్ వెలువడింది. 1,989 ఘన సెంటీమీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, సిలిండరుకు నాలుగు కవాటాల చొప్పున 24 కవాటాలు, 160 అశ్వశక్తి దాని సొత్తు. ఆ ఏడు మే నెలలో ఫుజి స్పీడ్‌వే మీద తొలి పందెంలోనే గెలిచింది. 1972 నాటికి దాని ఖాతాలో 50 విజయాలు చేరాయి. అప్పటికి మాజ్దా వారి రోటరీ ఇంజను కార్లు గట్టి పోటీ ఇవ్వసాగాయి. 1973లో వచ్చిన రెండవ తరం జీటీ-ఆర్ 197 కార్లతో ఆగిపోయింది. ఒక్క పందెంలోనూ పాల్గొనలేదు. చమురు సంక్షోభం, కఠినతరమైన కాలుష్య నియమాలు దాని గొంతు నొక్కాయి. ఆ పేరు మళ్ళీ వినబడడానికి 16 సంవత్సరాలు పట్టింది.

నిబంధన కడుపున పుట్టిన ఇంజను

1980లలో ప్రపంచమంతటా సాధారణ కార్ల పందేలు 'గ్రూప్ ఏ' అనే నిబంధనావళి ప్రకారం జరిగేవి. అందులో రెండు సూత్రాలు ముఖ్యమైనవి. మొదటిది, పందెంలో దిగే కారును ఏడాదిలో కనీసం 5,000 సంఖ్యలో తయారు చేయాలి. మెరుగుపరచిన రూపాన్ని దించదలచితే మరో 500 తయారు చేయాలి. అంటే డబ్బు చెల్లించిన ఏ పౌరుడైనా దానిని కొని ఇంటికి తీసుకువెళ్ళగలగాలి. రెండవది, ఇంజను పరిమాణాన్ని బట్టి వర్గం. ఆ వర్గాన్ని బట్టి కారు కనీస బరువు, చక్రాల వెడల్పు.

టర్బోచార్జరు ఉన్న ఇంజనుకు ఒక హెచ్చవేత ఉండేది. ఇంజనులో మండిన ఇంధనపు శక్తిలో దాదాపు మూడవ వంతు వేడి పొగ రూపంలో వెలుపలికి పోతుంది. టర్బోచార్జరు ఆ పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, దానితో గాలిని దట్టించి సిలిండర్లలోకి పంపుతుంది. గాలి ఎక్కువైతే ఇంధనమూ ఎక్కువ మండుతుంది. చిన్న ఇంజను పెద్ద ఇంజనులా పనిచేస్తుంది. ఈ లాభానికి సాటిగా టర్బో ఇంజను పరిమాణాన్ని 1.7తో గుణించి వర్గం నిర్ణయించేవారు.

నిస్సాన్ ఇంజనీర్లు ఈ లెక్కను ముందు పెట్టుకొని కారును రూపొందించారు. తొలి ఆలోచన 2,350 ఘన సెంటీమీటర్ల ఇంజను. దానిని 1.7తో గుణిస్తే 3,995. అంటే 4,000 వర్గంలో సరిగ్గా ఇముడుతుంది. కానీ నాలుగు చక్రాలకూ శక్తిని అందించే ఏర్పాటు చేర్చదలచినప్పుడు కారు బరువు పెరిగింది. ఆ బరువుతో చిన్న వర్గంలో ఉండడం వలన లాభం లేదు. అందుచేత ఇంజనును 2,568 ఘన సెంటీమీటర్లకు పెంచారు. గుణిస్తే సుమారు 4,366, 4,500 వర్గం. ఆ విధంగా 1989 ఆగస్టులో 'ఆర్32' అనే సంకేతనామంతో కొత్త జీటీ-ఆర్ అంగడికి వచ్చింది. మామూలుగా యంత్రం ముందు పుట్టి నియమం తరువాత వస్తుంది. ఇక్కడ నియమమే తల్లి, యంత్రం బిడ్డ.

అంగడిలో ఆ కారు శక్తి 280 అశ్వశక్తి అని ప్రకటించారు. జపాన్ తయారీదారులు అంతకు మించి ప్రకటించరాదని తమలో తాము చేసుకున్న ఒడంబడిక అది. 2004 వరకు అమలులో ఉన్నది. పందెంలో అదే ఇంజను 500కు పైగా అశ్వశక్తిని ఇచ్చేది. అంతటి ఒత్తిడికి టర్బోలోని పింగాణీ చక్రం ఆగదు కనుక ఉక్కు చక్రాలు గల 560 కార్లను ప్రత్యేకంగా తయారు చేశారు. వాటినీ నంబరు పలకలు బిగించుకొని వీధులలో తిరిగే యోగ్యతతోనే తయారు చేయవలసివచ్చింది. పందెంలో ఏది కావాలన్నా దానిని ముందు జనానికి అమ్మాలి. గ్రూప్ ఏ లోని గొప్పదనమంతా ఈ ఒక్క వాక్యంలో ఉన్నది.

నాలుగు చక్రాల లెక్క

ఈ కారు విజయరహస్యం ఇంజనులో కంటే చక్రాలలో ఎక్కువగా ఉన్నది. రబ్బరు చక్రానికి నేల మీద ఉండే పట్టు పరిమితమైనది. ఆ పట్టును ముందుకు నెట్టడానికి ఖర్చు చేస్తే, మలుపులో పక్కకు జారకుండా నిలవడానికి మిగిలేది తక్కువ. నెలజీతం వంటిది, ఒక పద్దుకు ఎక్కువ పెడితే మరొక పద్దుకు తగ్గక తప్పదు. నాటి ప్రధాన ప్రత్యర్థి ఫోర్డ్ సియెర్రా ఆర్‌ఎస్500. రెండు లీటర్ల టర్బో ఇంజనుతో దానికీ 500 అశ్వశక్తి దాకా ఉండేది. బరువులో జీటీ-ఆర్ కంటే తేలిక. కానీ ఆ శక్తి అంతా వెనుక చక్రాలు రెండింటి మీదే పడేది. మలుపు నుండి బయటపడేటప్పుడు చక్రాలు గిర్రున తిరిగేవి, కారు మాత్రం ముందుకు సాగేది కాదు.

జీటీ-ఆర్‌లో మామూలు సమయంలో శక్తి వెనుక చక్రాలకే అందుతుంది. ప్రతి చక్రపు వేగాన్నీ, కారు పక్కకు ఎంత బలంగా లాగబడుతున్నదన్న విషయాన్నీ కొలిచే సాధనాలు ఒక చిన్న కంప్యూటరుకు సమాచారం పంపుతాయి. వెనుక చక్రాలు జారడం మొదలయితే, నూనె ఒత్తిడితో పనిచేసే బహుళ పలకల క్లచ్ బిగుసుకొని, శక్తిలో సగం దాకా ముందు చక్రాలకు మళ్ళిస్తుంది. జారడం ఆగితే క్లచ్ వదులవుతుంది. రాజీ పడక తప్పదనుకున్న రెండు గుణాలు, అనగా వెనుక చక్రాల కారుకు ఉండే చురుకుదనమూ, నాలుగు చక్రాల కారుకు ఉండే పట్టూ, ఒకే యంత్రంలో కలిశాయి. 1989 నాటికి ఇది సామాన్యమైన విషయం కాదు.

ఫలితాలు వెంటనే కనిపించాయి. 1990 మార్చిలో జపాన్ టూరింగ్ కార్ పోటీలలో కజుయోషి హోషినో, తోషియో సుజుకి నడిపిన జీటీ-ఆర్ తొలి పందెంలోనే గెలిచింది. 1990 నుండి 1993 వరకు ఆ పోటీలలో 29 పందేలు జరిగితే 29 పందేలూ జీటీ-ఆర్‌లే గెలిచాయి. 1990లో మకావ్ గియా పందెంలో మసాహిరో హసేమి, 1991లో బెల్జియంలోని స్పా 24 గంటల పందెంలో ఆండర్స్ ఓలాఫ్సన్, డేవిడ్ బ్రాభమ్, నవోకి హత్తోరి దానితో విజయం సాధించారు.

బాథర్స్ట్ కొండ మీద

ఆస్ట్రేలియాలో ఈ కథ మలుపు తిరిగింది. అక్కడి పందేల అభిమానులు తరతరాలుగా రెండు వర్గాలు: హోల్డెన్ పక్షం, ఫోర్డ్ పక్షం. బాథర్స్ట్ పట్టణం దగ్గరి పనోరమా కొండ మీద ఏటా జరిగే 1,000 కిలోమీటర్ల పందెం వారికి తిరునాళ్ళతో సమానం. ఆ కొండ మీదికి జపాన్ కారు వచ్చింది. ఆ దేశపు 'వీల్స్' పత్రిక 1989లోనే దానికి గాడ్జిల్లా అని పేరు పెట్టింది. జపాన్ చలనచిత్రాలలో సముద్రం నుండి లేచి నగరాలను తొక్కివేసే భూతం పేరది. ఆ పేరులో మెప్పు ఎంత ఉన్నదో బెదురూ అంత ఉన్నది.

1991లో జిమ్ రిచర్డ్స్, మార్క్ స్కైఫ్ జీటీ-ఆర్‌తో ఆ పందెం గెలిచారు. ఆ ఏడాది జాతీయ పోటీల కిరీటం రిచర్డ్స్‌ది, మరుసటి ఏడాది స్కైఫ్‌ది. 1992కు నిర్వాహకులు జీటీ-ఆర్ మీద బరువు పెంచారు. టర్బో ఒత్తిడి హద్దు దాటకుండా కవాటం బిగించమన్నారు. అయినా అది గెలుస్తూనే ఉన్నది. అంతకు ముందే, 1991 చివరలో, 1993 నుండి అయిదు లీటర్ల వీ8 ఇంజను కార్లకు పెద్దపీట వేసే కొత్త నియమాలను ప్రకటించారు. ఆ నియమాలలో జీటీ-ఆర్‌కు చోటు లేదు.

1992 అక్టోబరులో జరిగిన బాథర్స్ట్ పందెం కుండపోత వానలో ముగిసింది. రిచర్డ్స్ నడుపుతున్న జీటీ-ఆర్ సహా పలు కార్లు జారి గుద్దుకున్నాయి. పందెం ఆపివేసి, నియమం ప్రకారం అంతకు ముందు పూర్తయిన చుట్ల లెక్కన ఫలితం ప్రకటించారు. విజేత మళ్ళీ జీటీ-ఆరే. నలిగిన కారు గెలవడం ఏమిటని జనం వెక్కిరిస్తూ కేకలు వేశారు. ఆ పందెంలోనే 1967 ప్రపంచ విజేత డెన్నీ హల్మ్ కారు నడుపుతూ గుండెపోటుతో మరణించాడు. ఆయన రిచర్డ్స్‌కు స్వదేశీయుడు, మిత్రుడు, ఇద్దరిదీ న్యూజిలాండ్. ఆ దుఃఖంలో వేదిక ఎక్కిన రిచర్డ్స్ జనాన్ని బాహాటంగా దూషించాడు. ఆ మాటలు గౌరవప్రదమైనవి కావు. అయితే నియమానికి లోబడి, పెట్టిన బరువునంతా మోసి, గెలిచినవానికి దక్కిన మర్యాద అది అని కూడా గుర్తుంచుకోవాలి.

ఎదుటి పక్షపు వాదన

నిర్వాహకులు కేవలం అసూయతో ఈ కారును వెళ్ళగొట్టారనడం న్యాయం కాదు. అప్పటికే ఐరోపాలో గ్రూప్ ఏ సన్నగిల్లుతున్నది. బ్రిటన్ రెండు లీటర్ల వర్గానికి మారింది. జపాన్‌లో సైతం 1993తో గ్రూప్ ఏ పోటీలు ముగిశాయి. జీటీ-ఆర్ వంటి సంక్లిష్ట యంత్రాన్ని నడపడం ఖరీదైన పని. చిన్న జట్లు మోయలేవు. ఒకే రకం కారు 29 సార్లు వరుసగా గెలిస్తే టిక్కెట్టు కొన్న ప్రేక్షకునికి ఉత్కంఠ మిగలదు. ప్రేక్షకుడు రాకపోతే పోటీయే లేదు. ఆస్ట్రేలియాలో కొత్త నియమాలు వచ్చాక ఆ పోటీలు ఎంతో జనాదరణ పొందాయన్నదీ వాస్తవమే.

ఇవన్నీ ఒప్పుకోదగిన మాటలే. కానీ ఇక్కడ రెండు పనుల మధ్య భేదాన్ని గమనించాలి. ఒక నిబంధన కాలం తీరిందని భావించి, ముందుగా ప్రకటించి, అందరికీ సమానంగా మార్చడం ఒక పని. పరీక్ష నడుస్తుండగా ఎక్కువ మార్కులు తెచ్చుకున్న విద్యార్థి చేతికి మాత్రం బరువు కట్టి ఇక రాయమనడం మరొక పని. మొదటిది పాలన. రెండవది చేసేవారు ప్రశ్నపత్రం తయారు చేయడంలో తమ లోపాన్ని విద్యార్థి నెత్తిన రుద్దుతున్నారు. 1.7 అనే గుణకం తప్పయితే దానిని అందరికీ దిద్దవలసింది. ఆ సంఖ్యను నమ్మి, దానికి అత్యుత్తమ సమాధానం కనుగొన్నవాడు అపరాధి కాడు.

తెగిన బంధం

తరువాతి చరిత్ర ఇంకా ఆలోచింపజేస్తుంది. 1995లో నిస్సాన్ లె మాన్ 24 గంటల పందేనికి జీటీ-ఆర్‌ను పంపింది. నియమాన్ని తీర్చడానికి ఆ రూపంలో వీధికారును ఒక్కటంటే ఒక్కటే తయారు చేశారు. నాలుగు చక్రాల చోదన ఏర్పాటు తొలగించారు. ఆ కారు పదవ స్థానంలో నిలిచింది. అయిదు వేల కార్లు ఎక్కడ, ఒక్క కారు ఎక్కడ!

జపాన్‌లో గ్రూప్ ఏ స్థానంలో వచ్చిన జీటీ పోటీలలో గెలిచిన కారుకు బరువు చేర్చడం మొదటి నుండి నియమమే. అక్కడా జీటీ-ఆర్‌లు కిరీటాలు గెలిచాయి: 1994, 1995లలో మసాహికో కగెయామా, 1998, 1999లలో ఎరిక్ కోమాస్. కానీ వీధికారుతో చుట్టరికం క్రమంగా సడలింది. 2007 చివర అంగడికి వచ్చిన 'ఆర్35' జీటీ-ఆర్‌లో రెండు టర్బోల వీ6 ఇంజను, నాలుగు చక్రాల చోదన ఉంటే, 2008లో అదే పేరుతో ఆ పోటీల అగ్రవర్గాన్ని గెలిచిన పందెపు కారులో టర్బో లేని వీ8 ఇంజను, వెనుక చక్రాల చోదన ఉన్నాయి. 2014 నుండి ఆ వర్గంలోని కార్లకు నాలుగు సిలిండర్ల రెండు లీటర్ల టర్బో ఇంజను వచ్చింది. ప్రధాన చట్రం అందరికీ ఉమ్మడి అయింది. ఇక మిగిలింది పేరు, ముఖకవళిక. 2022లో అక్కడ నిస్సాన్ ఆ ముఖాన్ని కూడా మార్చి జీటీ-ఆర్ బదులు జెడ్ కారును నిలిపింది.

జీటీ3 అనే మరో వర్గంలో నిర్వాహకులే ప్రతి కారుకూ ఎంత బరువు, ఎంత శక్తి అన్నది లెక్కగట్టి అన్నిటినీ సరితూగేలా చేస్తారు. 2015లో బాథర్స్ట్ 12 గంటల పందెంలో జీటీ-ఆర్ అటువంటి రూపంలోనే గెలిచింది. ఆనాడు వెళ్ళగొట్టబడిన కొండ మీదనే 23 ఏళ్ళ తరువాత తిరిగి గెలవడం అభిమానులకు కన్నుల పండుగ. నడిపినవారి నైపుణ్యాన్ని ఎవరూ కాదనలేరు. కానీ యంత్రం పరంగా ఆ విజయం ఏమి నిరూపించింది? కార్లన్నీ సమానంగా ఉండేటట్లు ముందే త్రాసులో తూచారు కనుక, ఏ కారు మేలైనదన్న ప్రశ్నకు అక్కడ సమాధానం లేదు. ప్రయోగశాలలో ఫలితాలన్నీ ఒకేలా రావాలని ముందే నిశ్చయించుకుంటే అది వినోదం కావచ్చును గాని ప్రయోగం కాదు.

చేయదగినది

వినోదం కోసం జరిగే పందేలను ఎవరూ ఆపనక్కరలేదు. అయితే వాటి పక్కన, యంత్రాన్ని నిజంగా పరీక్షించే వర్గం ఒక్కటైనా ఉండాలి. అందులో దిగే కారు వేల సంఖ్యలో జనానికి అమ్మబడాలి. ఇంజను పరిమాణానికి బదులు, ఒక పందేనికి ఇంత ఇంధనం లేదా ఇంత విద్యుత్తు అని హద్దు పెట్టవచ్చు. ఆ హద్దు కొన్నేళ్ళకు ముందే ప్రకటించాలి. గడువు తీరేదాకా ఎవరు ఎన్నిసార్లు గెలిచినా మార్చకూడదు. గడువు తీరాక, గెలిచినవాని నుండి అందరూ నేర్చుకున్న తరువాత, కొత్త ప్రశ్న వేయాలి.

ఇందువలన సామాన్యునికి ఏమి లాభమని అడగవచ్చు. జారే రోడ్డు మీద ఏ చక్రానికి ఎంత శక్తి పంపాలో కంప్యూటరే నిర్ణయించే ఏర్పాటు నేడు ఎన్నో మామూలు కుటుంబ కార్లలో ఉన్నది. మంచు కురిసే దేశాలలో నివసించే తెలుగు కుటుంబాలు ఏటా శీతకాలంలో దాని మేలు అనుభవిస్తూనే ఉన్నాయి. దానిని కనుగొన్న ఘనత ఒక్క జీటీ-ఆర్‌కే కట్టబెట్టడం అతిశయోక్తి. ఐరోపాలోనూ ఆ దిశగా కృషి జరిగింది. కాని ఆ ఊహ ఎంత దూరం పనికివస్తుందో వేలాది ప్రేక్షకుల ఎదుట, గంటల తరబడి, వానలోనూ ఎండలోనూ పరీక్షకు నిలిచి చూపినది ఆ కారు. అంగడిలో అమ్మిన కారునే పందెంలో దించాలన్న నియమం లేకపోతే ఆ పరీక్ష జరిగేది కాదు.

ఆర్35 జీటీ-ఆర్ తయారీ 2025 ఆగస్టులో ముగిసింది. 18 ఏళ్ళలో సుమారు 48,000 కార్లు వెలువడ్డాయి. రేపటి పందెపు కార్లు విద్యుత్తుతో నడవవచ్చు, మరొక ఇంధనంతో నడవవచ్చు. ఏ దేశపు ఇంజనీరో నియమాలను శ్రద్ధగా చదివి, ఎవరూ ఊహించని సమాధానంతో వచ్చి వరుసగా గెలవడమూ జరగవచ్చు. అప్పుడు నిర్వాహకులు ఆ యంత్రపు మూత తెరిచి చూడాలని ఇతర ఇంజనీర్లను పిలవాలి. బరువు తెచ్చి దాని మీద పెట్టడం తేలిక. దాని కంటే మేలైనదాన్ని చేయడమే కష్టం. తిరునాళ్ళలో ఓడిన రైతు చేసేదీ ఆ కష్టమే. గెలిచిన జత ముందు కాసేపు నిలబడి, ఎడ్ల నడక, కాళ్ళ కట్టు పరిశీలించి, మరుసటి ఏటికి తన జతను సిద్ధం చేసుకోవడానికి ఇంటిదారి పడతాడు.